లోపలి పత్తి

శేషగిరి ఇంటి ఇనుప గేటుకు ఒక గొళ్లెం ఉంది. ఎవరు తీసినా టక్కుటక్కుమని రెండుసార్లు మోగుతుంది. ఆదోని పత్తి మండీల వీధికి రెండు సందుల అవతల ఉన్న ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. అందుకని రోజుకు పదిసార్లయినా ఆ గొళ్లెం మోగుతుంది. మోగిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఒకటే జరుగుతుంది. ఇరవై రెండేళ్ల శ్రీవల్లి చేతిలో ఉన్నది ఉన్నచోటే పెట్టి లేస్తుంది. మెట్లెక్కి మేడమీది గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. వచ్చినవాళ్లు కూర్చుని, టీ తాగి, పత్తి ధరల గురించీ కాలువ నీళ్ల గురించీ మాట్లాడుకుని లేస్తారు. గొళ్లెం మళ్లీ మోగాక ఆమె దిగివచ్చి, వదిలిన పనిని వదిలినచోటి నుంచే మొదలుపెడుతుంది.

పైకి పొమ్మని ఆమెతో ఎవరూ అనరు. వచ్చినవాళ్లు 'మీ పాప ఏదప్పా' అని అడగరు. అడగకపోవడం మర్యాద అని వాళ్లనుకుంటారు. చూపించకపోవడం మర్యాద అని శేషగిరి అనుకుంటాడు. ఇంత మర్యాద నడుమ ఒక ఆడపిల్ల ఎనిమిదేళ్లుగా రోజుకు పదిసార్లు మెట్లెక్కి దిగుతోంది. చదువుతున్న మీ వీధిలోనూ ఇలాంటి మేడగది ఒకటి ఉండవచ్చు. ఒకసారి తలెత్తి చూడండి.

శ్రీవల్లికి ఆటిజం ఉంది. ఆమె నాలుగేళ్ల వయసులో బెంగళూరు డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు శేషగిరికి ఏమీ అర్థం కాలేదు. ఆయన భార్య విశాలాక్షికి మాత్రం రెండు రోజుల్లో అర్థమైపోయింది. ఈ పిల్లకు నోటితో చెప్పింది గాలికి పోతుంది, కంటికి చూపించింది నిలుస్తుంది. చుట్టూ మోత ఎక్కువైతే చెవులు మూసుకుంటుంది. ఎదుటివాళ్ల మొహం చూసి మనసు కనిపెట్టలేదు, కళ్లకు కనబడింది కనబడినట్టు చెప్పేస్తుంది. విశాలాక్షి స్కెచ్ పెన్నులు తెప్పించి వంటింటి తలుపు మీద వరుసగా బొమ్మలు వేసింది. పళ్లబ్రష్, బకెట్, దువ్వెన, కంచం, బడిసంచి. వాటిని చూసుకుంటూ శ్రీవల్లి తన పనులన్నీ తనే చేసుకోవడం నేర్చింది. ఇంటర్ కూడా పాసయింది. ఆరేళ్ల కిందట విశాలాక్షి జబ్బుచేసి పోయింది. బొమ్మల రంగు వెలిసినప్పుడల్లా శేషగిరి ఆ గీతల మీదే దిద్దుతూ వచ్చాడు. భార్య చెయ్యి ఎక్కడ వంపు తిరిగేదో ఇప్పుడు ఆయన చేతికి కూడా తెలుసు.

మేడగది అలవాటు విశాలాక్షి ఉండగానే మొదలైంది. ఒకరోజు జిన్నింగ్ మిల్లు యజమాని వెంకటరామయ్య వచ్చి కూర్చున్నాడు. పద్నాలుగేళ్ల శ్రీవల్లి ఆయనకు మంచినీళ్లిచ్చి, తలవైపు చూసి, "మీ విగ్గు పక్కకు జరిగింది" అంది. జరిగిన మాట నిజమే. విశాలాక్షి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. శేషగిరికి మాత్రం తల తీసేసినట్టయింది. మరుసటిసారి గొళ్లెం మోగగానే "పైకి పోమ్మా" అన్నాడు. అలా మూడుసార్లే అన్నాడు. నాలుగోసారి అనవలసిన అవసరం లేకపోయింది. ఒకసారి అలవాటైన పనిని శ్రీవల్లి మానదు.

కిందటేడు శేషగిరి నడిపే పత్తి మండీకి రష్మి అనే అమ్మాయి వచ్చింది. మంత్రాలయం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు కూతురు. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పడంలో శిక్షణ పొంది, ఆదోని బస్టాండు వెనక ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఆటిజం ఉన్న యువతీయువకులకు పని వెతుక్కోవడం నేర్పిస్తానంది.

"పని చేసేది నేర్పుతావామ్మా, వెతుక్కునేదా?" అని అడిగాడు శేషగిరి.

"వెతుక్కునేది సార్. పని చేసేది వీళ్లలో చానామందికి వచ్చు. అడిగేది రాదు. అడిగేది రాక ఇండ్లల్లో ఉండిపోయినారు. మీ పాపకు నెలరోజులియ్యండి, చూడండి."

శేషగిరి ఒప్పుకోవడానికి కారణం ఒకటే. ఆయనకు యాభై తొమ్మిదేళ్లు నిండాయి. తను లేనిరోజున ఆ గేటు ఎవరు తీస్తారు, శ్రీవల్లి ఎవరి మేడ ఎక్కుతుంది అన్న ఆలోచన, పత్తి తూకం మధ్యలోనైనా వచ్చి ఆయన పక్కన కూర్చునేది.

ఆ రెండు గదుల చదువు, డిగ్రీ దాకా చదివిన శేషగిరి కూడా ఎక్కడా చూడనిది. మొదటి వారమంతా ఫోను. ముందు మన పేరు చెప్పాలి, తర్వాత పని ఉందా అని అడగాలి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. రెండో వారం బయోడేటా. ఆ తర్వాత బస్సు బోర్డు చదవడం, దిగినచోట దారి అడగడం. తనకు ఏది కష్టమో, ఏ సాయం కావాలో సిగ్గుపడకుండా చెప్పడం. తెలియని పని ఎదురైతే 'నాకు తెలియదు, ఎలా చేయాలి' అని అడగడం. ప్రతిదానికీ గోడమీద బొమ్మలున్నాయి. మొదటిరోజు వాటిని ఒక్కొక్కటే చూస్తూ శేషగిరి గోడ పొడవునా నడిచాడు. విశాలాక్షి వంటింటి తలుపు ఇక్కడికి వచ్చి గోడంత పెరిగి నిలుచున్నట్టుంది.

అన్నిటికంటే సందడి 'లేదు' అన్న పాఠానికి. పని లేదంటే ఏడవకూడదు, అక్కడే నిలబడిపోకూడదు. 'సరే సార్, ఖాళీ వస్తే ఫోన్ చేయండి' అని చెప్పి ఇంటికి రావాలి. దీనికి ఒకరు యజమాని వేషం కట్టాలి. క్లాసులో ఉన్న ఐదుగురిలో వరుణ్ అనే కుర్రవాడు ఆ వేషాన్ని ఎవరికీ వదిలేవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, వచ్చినవాళ్లను వచ్చినట్టే, "ఖాళీల్లేవు. పో. ఫ్యాన్ గాలి వేస్టయితాంది" అని తరిమేసేవాడు. రొంత మర్యాదగా చెప్పమని రష్మి అంటే కాసేపు ఆలోచించి, "ఖాళీల్లేవు. పోండి" అన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ శేషగిరి పగలబడి నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

నవంబరు వచ్చేసరికి మార్కెట్ యార్డు పత్తితో తెల్లబడింది. ఊళ్లో ఎవరెవరు ఏయే పనులు చేస్తారో చూపించాలని రష్మి పిల్లలందరినీ అక్కడికి తీసుకువచ్చింది. శేషగిరి తన పనే చూపించాడు. కైరుప్పల వైపు నుంచి ఒక రైతు పత్తి కూరిన పెద్దపెద్ద గోనె బోరాలు దింపుతున్నాడు. శేషగిరి చొక్కా చెయ్యి పైకి మడిచి, ఒక బోరెం మూతి విప్పి, భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పత్తి లాగాడు. దాన్ని రెండు బొటనవేళ్ల నడుమ పట్టి మెల్లగా సాగదీసి పింజ పోగు ఎంత పొడవుందో చూశాడు.

శ్రీవల్లి దగ్గరికి వచ్చింది. "పైన పత్తి ఉంది కదా నాన్నా. అది ఎందుకు చూడవు?"

"పైన ఎవరైనా మంచిదే పెడ్తారమ్మా. పైది చూసి ధర కడితే మోసపోతాం. లోపల చెయ్యి పెట్టి తీయల్ల. ఇట్ల తీసి చూసే గుప్పెడును మచ్చు అంటాం."

శ్రీవల్లి తన చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంది. 'పైది చూడకూడదు. లోపల చెయ్యి పెట్టి తీయాలి. మచ్చు.' బండి పక్కన నిలబడ్డ రైతు అది చూసి, "ఈ పాప మండీలో కూచుంటే మేమింక బతికినట్టే శెట్టీ" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వెందుకో తెలియకపోయినా శ్రీవల్లి కూడా, క్లాసులో నేర్చుకున్నట్టు, కొంచెం ఆలస్యంగా నవ్వింది.

పది రోజుల తర్వాత ఒక కబురు వచ్చింది. ఎమ్మిగనూరులో బసన్న అనే ఆయనకు దుప్పట్లు, తువ్వాళ్ల గోదాము ఉంది. మగ్గాల మీంచి వచ్చిన దుప్పట్లను అక్కడ మడిచి, చీటీలంటించి, కట్టలు కట్టి బయటి ఊళ్లకు పంపుతారు. మడిచే పనికి మనుషులు కావాలట. ఫోను శ్రీవల్లే చేసింది. క్లాసులో అందరూ ఊపిరి బిగబట్టారు. వరుణ్ మాత్రం "ఖాళీల్లేవంటాడు చూడు" అని గుసగుసగా జోస్యం చెప్పాడు.

"నమస్కారం. నా పేరు శ్రీవల్లి. ఆదోని నుంచి మాట్లాడుతున్నాను. దుప్పట్లు మడిచే పని ఉందా?" అటునుంచి ఏదో జవాబు వచ్చింది. ఆమె రాసుకుంది. "గురువారం. పదకొండు గంటలు. సరే సార్." ఫోను పెట్టేసి, వరుణ్ వైపు తిరిగి, "ఖాళీ ఉంది" అంది.

గదులు చప్పట్లతో మారుమోగాయి. శ్రీవల్లి రెండు చెవులూ మూసుకుంది. వెంటనే అందరూ చప్పట్లు ఆపేసి, చేతులు పైకెత్తి గాలిలో ఊపడం మొదలుపెట్టారు. చప్పుడు లేని ఆ చప్పట్లు చూసి శేషగిరి కళ్లు తుడుచుకున్నాడు. ఒకరి చెవులకు నొప్పి కలగకుండా సంతోషపడటం ఈ పిల్లలకు ఎంత సులభంగా వచ్చింది అనుకున్నాడు.

ఆ వారం ఇంట్లో పండగ వాతావరణం. శ్రీవల్లి తన నీలం చుడీదారు మెడ దగ్గర గుచ్చుకునే చీటీని కత్తిరించుకుంది. క్యాలెండరులో రోజుకో తేదీ కొట్టేసింది. ముందుగానే రెండుసార్లు రష్మితో ఎమ్మిగనూరు బస్సెక్కి, గోదాము గేటు దాకా నడిచి, గేటును చూసి తిరిగివచ్చింది. శేషగిరి హడావుడి ఇంకా ఎక్కువ. ఇంటర్వ్యూ కూతురిదైతే క్షవరం ఆయన చేయించుకున్నాడు. మండీ గుమస్తా మాదన్న, "పెండ్లిచూపులా అన్నా?" అని అడిగితే, "దానికన్నా పెద్దది" అని చెప్పి, చెప్పాక తనే ఆశ్చర్యపోయాడు. కూతురి గురించి మండీలో నోరు తెరవడం అదే మొదలు.

రష్మి శ్రీవల్లి చేతికి ఒక కార్డు ఇచ్చింది. ఇద్దరూ కలిసి నెలరోజులు కూర్చుని రాసిన ఐదు మాటలు అందులో ఉన్నాయి. మొదటి మాట 'నాకు ఆటిజం ఉంది.' శేషగిరితో రష్మి చెప్పింది, "మీరు బయట కూచోండి సార్. ఇంటర్వ్యూ ఆమెది."

గురువారం పొద్దున ఆదోని బస్టాండులో ఉగ్గాని, బజ్జి తింటూ కూర్చున్నప్పుడు శేషగిరి గుండెలో పాత భయం కదిలింది. ఆ కార్డు చూసిన మరుక్షణం బసన్న మొహం మారిపోతుందని ఆయనకు అనిపించింది. ఆ మొహాలను ఆయన చాలా చూశాడు. బడిలో చేర్చేటప్పుడు చూశాడు, పెళ్లిళ్లలో చూశాడు. మెల్లగా కూతురివైపు వంగాడు.

"ఆ కార్డు తీయొద్దమ్మా. ఆటిజం అని చెప్పొద్దు. పని దొరికినాక నేనే నిదానంగా చెప్తా."

"రష్మి మేడం చెప్పమంది."

"ఈ ఒక్కసారికి నా మాట విను తల్లీ."

శ్రీవల్లి బస్టాండు గడియారం వైపు చూసింది. ఇంకేమీ మాట్లాడలేదు. విన్నదనుకుని శేషగిరి సంతోషపడ్డాడు.

బస్సులో పాటలు పెద్దగా మోగుతున్నాయి. శ్రీవల్లి చేతులు చెవుల మీదికి వెళ్లాయి. టికెట్ల కోసం వచ్చిన కండక్టరు ఆమెను ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ముందుకు వెళ్లి, డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. పాటలు తగ్గిపోయాయి. ఆ మనిషి పేరేమిటో శేషగిరికి ఇప్పటికీ తెలియదు. దారికిరువైపులా ఏరిన చేలు, ఏరని చేలు, నడుమ నల్లరాళ్ల గుట్టలు. శ్రీవల్లి పెదాలు మాత్రం కదులుతున్నాయి. నమస్కారం, నా పేరు శ్రీవల్లి.

బసన్న యాభై దాటిన మనిషి. భుజం మీద తమ గోదాము తువ్వాలే, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. బయట బెంచీ మీద కూర్చోబోతున్న శేషగిరిని గుర్తుపట్టి, "ఏమప్పా శెట్టీ, నువ్వు బయట కూచునేదేంది, లోపలికి రా" అని రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. అలా రష్మి పెట్టిన నియమం మొదటి అడుగులోనే తప్పింది.

పేరు, చదువు, ఊరు. జవాబులన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. బసన్నకు ముచ్చటేసి, మా గోదాము ఎట్లుందమ్మా అని అడిగాడు.

"దుమ్ముంది. పైన రెండు లైట్లు వెలగడం లేదు."

బసన్న తలెత్తి చూశాడు. నిజంగానే రెండు వెలగడం లేదు. ఆయన నవ్వాడు. "ఇంతకుముందు యాడన్నా పని చేసినావా?"

"లేదు."

"మల్ల ఇన్నేండ్లు ఇంట్లో ఏం చేస్తాంటివి?"

ఈ ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. శ్రీవల్లి వేళ్లు బల్ల అంచు మీద నాలుగుసార్లు తట్టాయి. తర్వాత ఉన్నది చెప్పింది.

"గేటు మోగితే మేడమీదికి పోతాను. వచ్చినవాళ్లు పోతే దిగుతాను."

"యాల పోతావు పైకి?"

"నాకు ఆటిజం ఉంది. చెప్పొద్దని నాన్న బస్టాండులో చెప్పినాడు. తొమ్మిదీ ఇరవైకి."

బసన్న కళ్లద్దాలు తీసి శేషగిరి వైపు తిరిగాడు. "ఏం శెట్టీ? ఇదేంది? ఉన్నది ముందే చెప్పేది కదా" అన్నాడు. అందులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ. శేషగిరికి లేచి వెళ్లిపోవాలనిపించింది. అయిపోయింది, నా చేతులారా నేనే పాడుచేశాను అనుకున్నాడు.

ఎదుటివాళ్ల మొహాలు చదవలేకపోవడం ఆ క్షణాన శ్రీవల్లిని కాపాడింది. ఇద్దరు పెద్దమనుషుల మొహాల్లో ఏముందో ఆమెకు తెలియదు. తనకు తెలిసిందల్లా, ఆటిజం అని చెప్పాక కార్డు తీసి చదవాలి. తీసింది, చదివింది.

"చెయ్యవలసిన పని నాకు చూపించండి, లేదా రాసివ్వండి. మోత ఎక్కువుంటే చెవుల్లో దూది పెట్టుకుంటాను, అప్పుడు ఎదురుగా వచ్చి మాట్లాడండి. నాకు మాటలు తక్కువ. పని ఇచ్చి చూడండి."

కార్డు మూసింది. అంతటితో రష్మి నేర్పింది అయిపోయింది. కానీ శ్రీవల్లి ఆగలేదు. ఇంకో మాట, తన నోటుబుక్కులోది, ఎవరూ నేర్పనిది, తనే కలిపింది.

"మచ్చు చూడండి. పైది చూడకూడదు. లోపల చెయ్యి పెట్టి తీయల్ల. మా నాన్న చెప్పినాడు."

శేషగిరి తలవంచుకున్నాడు. ముప్పై అయిదేళ్లుగా యార్డులో పైపొర మంచిది పరిచి అడుగున ఏదో కప్పిపెట్టిన బోరాలను పట్టుకుని, వాటిని తెచ్చినవాళ్లను తిట్టిన మనిషి ఆయన. ఈ పొద్దు ఉగ్గాని తింటూ తన సొంత బిడ్డకు ఆ విద్యే నేర్పబోయాడు. అదీ దాచవలసినది ఏదీ లేని చోట.

బసన్న కళ్లద్దాలు పెట్టుకుని, లోపలికి కేకేశాడు. "ఉరుకుందమ్మా, ఈ పాపకు ఒక గంట పని చూపీ."

ఉరుకుందమ్మ ఆ గోదాములో మడతలకు పెద్ద దిక్కు. అరవై ఏళ్లుంటాయి, తలకు తువ్వాలు. శ్రీవల్లి కార్డు చూపించి రాసివ్వమంటే, "నాకు రాసేది యాడొస్తాది తల్లీ" అని నవ్వింది. నవ్వి, కాసేపు నిలబడి ఆలోచించింది. తర్వాత ఐదు దుప్పట్లు తీసి బల్ల పొడవునా వరుసగా పరిచింది. మొదటిది విప్పినట్టే ఉంచింది. రెండోదానికి ఒక మడత వేసి వదిలేసింది. మూడోదానికి రెండు, నాలుగోదానికి మూడు. ఐదోది పూర్తిగా మడిచి చీటీ పెట్టింది. "సూడు పాపా. ఒకటి కాడినుంచి ఐదు దాకా పో. తప్పిపోతే మల్ల ఒకటి కాడికి రా." అంతటితో ఆగక, గోడకు వేలాడే రేడియో కట్టేసింది. అక్షరం రాని ఆ మనిషి, డాక్టర్లు చెప్పాల్సిన పనిని తన ఐదు దుప్పట్లతో చేసేసింది.

కిటికీ అవతల నిలబడి శేషగిరి లెక్కపెడుతూనే ఉన్నాడు. ఒకటి నుంచి ఐదు, మళ్లీ ఒకటి. ఆమె చేతులు తొందరపడటం లేదు. పక్కనున్న ఆడవాళ్ల కట్టలు పెరుగుతున్నాయి, శ్రీవల్లి కట్ట చిన్నగానే ఉంది. ప్రతి అంచూ అంచుతో కలిసేదాకా ఆమె వదలడం లేదు. పరుగుపందెంలో కూతురిని చూస్తున్న తండ్రిలా ఆయన గుప్పిళ్లు బిగిశాయి. తొందరగా తల్లీ, అని లోపల అరుస్తున్నాడు.

అంతలో శ్రీవల్లి ఆగిపోయింది. చేతిలో దుప్పటి పట్టుకుని కదలకుండా నిలబడింది. ఇంట్లో అలా ఆగిపోతే ఒక్కోసారి అరగంటకు గాని కదలదు. పక్కనున్న ఆడమనిషి, "ఏంలే, మడిచి కట్టలో పెట్టేయ్ పాపా" అంటోంది. శ్రీవల్లి పెట్టలేదు. దుప్పటి తీసుకుని ఉరుకుందమ్మకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఇందులో పోగులు తెగినాయి. దీన్ని ఎక్కడ పెట్టాలి? నాకు తెలియదు."

ఉరుకుందమ్మ దుప్పటిని వెలుతురుకు పట్టి చూసింది. నడుమ జానెడు మేర పోగులు తెగి ఉన్నాయి. ఆమె దాన్ని తీసుకుపోయి బసన్న బల్ల మీద పెట్టి, వేలు పెట్టి చూపింది.

గంట అయింది. మిగతావాళ్లు నలభై దాకా మడిస్తే శ్రీవల్లి పదిహేడు మడిచింది. బసన్న పదిహేడింటినీ విప్పి చూశాడు. తర్వాత శేషగిరిని పిలిచాడు.

"చేయి నిదానం శెట్టీ. అది అబద్ధం చెప్పను. అయితే ఒకటి. పోయిన నెల బళ్లారి నుంచి కట్టకు కట్ట వాపసొచ్చింది. మధ్యలో చినిగిన దుప్పటి ఒకటి ఉండె. ఎవురో చూసినారు, చూసి మడిచి లోపల పెట్టేసినారు. నా గోదాములో చినిగింది తీసుకొచ్చి, నాకు తెలీదు, యాడ పెట్టల్ల అని అడిగిన మనిషి ఈమే మొదలు." ఆయన శ్రీవల్లికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, కార్డులో రాసినట్టే. "రేపటినుంచి నెలరోజులు రామ్మా. వేగం చేతికి అదే వస్తాది. ఆ గోడ అవతల మగ్గాల మోత ఉంటాది, దాని పక్కన వద్దు, కిటికీ దగ్గర కూచుందువు. నువ్వు చెప్పిన రెండు లైట్లు కూడా వేయిస్తా."

"ఎన్ని గంటలకు రావాలి?"

"తొమ్మిదిన్నర."

"తొమ్మిదిన్నర" అని శ్రీవల్లి రాసుకుంది. తర్వాత, ఎవరూ గుర్తు చేయకుండానే, ఉరుకుందమ్మ దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టి వచ్చింది. ఆ ఐదు దుప్పట్లను బల్ల మీంచి తీయవద్దని చెప్పి వచ్చింది.

తిరుగు బస్సులో శేషగిరి కూతురివైపు తిరిగాడు. "తప్పయిపోయిందమ్మా."

"ఏది?"

"చెప్పొద్దన్నానే, అది."

శ్రీవల్లి ఆలోచించింది. "నేను చెప్పేసినాను కదా" అంది. ఆమె వైపు నుంచి ఆ విషయం అంతటితో తేలిపోయింది. రష్మికి ఫోను చేస్తే అవతల గదంతా ఒక్కసారి గోలెత్తి, ఒక్కసారిగా ఆగిపోయింది. చేతులు గాలిలో ఊపుతున్నారని శేషగిరికి తెలిసిపోయింది. వరుణ్ ఫోను లాక్కుని, ఖాళీ ఒకటేనా ఇంకా ఉన్నాయా కనుక్కోమన్నాడు.

ఇల్లు చేరి టీ పెట్టుకునేసరికి గొళ్లెం టక్కుటక్కుమని మోగింది. శ్రీవల్లి గ్లాసు కింద పెట్టి లేచింది. మూడో మెట్టు ఎక్కింది.

"పోవద్దమ్మా" అన్నాడు శేషగిరి.

ఆమె ఆగింది. దిగలేదు. "గేటు మోగితే పైకి పోవాలి" అంది.

"అది నాన్న తప్పు నేర్పినాడు. ఎవరన్నా కొత్తోళ్లు ఎదురైతే ఏం చెప్పల్లో రష్మి మేడం నేర్పింది చూడు, అది చెయ్యి."

మూడు మెట్లు దిగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఎనిమిదేళ్ల అలవాటు మరి. ఆలోగా వచ్చినాయన లోపలికి వచ్చి కూర్చున్నాడు. మిల్లు యజమాని వెంకటరామయ్య.

"నమస్కారం. నా పేరు శ్రీవల్లి. నేను ఎమ్మిగనూరులో దుప్పట్ల గోదాములో పని చేస్తాను. రేపటి నుంచి." చెప్పి, ఆయన తలవైపు చూసింది. ఆయన విగ్గు మానేసి చాన్నాళ్లయింది. "విగ్గు లేదు. ఇప్పుడు పక్కకు జరగదు" అంది.

వెంకటరామయ్య బట్టతల తడుముకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లొత్తుకున్నాడు. "ఆ పొద్దు నువ్వొక్కదానివే చెప్పినావమ్మా. మిగిలినోళ్లంతా నాలుగేండ్లు నా వెనకాల నవ్వుకున్నారు." తర్వాత శేషగిరి వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు ఈ పాప యాడుండె శేషగిరీ? నేను వచ్చినప్పుడల్లా కానరాలేదే?"

"మేడమీద. నేనే పెట్టినా."

శ్రీవల్లి ఆయనకు మంచినీళ్లిచ్చి, తన టీ గ్లాసు తీసుకుని, అక్కడే కుర్చీలో కూర్చుంది. వదిలిన చోటి నుంచి తాగడం మొదలుపెట్టింది. శేషగిరి ఆమెనే చూస్తూ మాట్లాడాడు.

"బోరెం కనపడితే భుజం దాకా చెయ్యి పెట్టి చూసే ఊరు మనది. పైది చూసి ఏనాడూ ధర కట్టలేదు. మన పిల్లల కాడికి వచ్చేసరికి పైపైన చూసి, పనికిరారని మేడమీద పెట్టినాం. నీ మిల్లులో వంద పనులుండాయి. బస్టాండు వెనక ఇట్లాంటి పిల్లలకు నేర్పే రష్మి దగ్గర ఇంకా నలుగురుండారు. రేపు పోయి ఒక్కసారి చూడు. పని అడిగేది వాళ్లు నేర్చుకున్నారు వెంకటరామయ్యా. పని పెట్టి చూసేది ఇంక మనం నేర్చుకోవల్ల."